జీవశాస్త్రం ఆన్‌లైన్ పాఠాలు: సభ్యులకు ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనిలో సింహభాగం ఒక్కదానికే పోయింది, హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రంలో మూల విషయాలు ఆన్‌లైన్‌లో చెప్పడం. పుస్తకాల పంపిణీ, వక్తృత్వ పోటీలు ఎప్పటిలాగే జరిగాయి, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా పంపుతున్నారు కాబట్టి డబ్బు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. పాఠాల సంగతి మాత్రం కాస్త వివరంగానే రాస్తున్నాం, ఎందుకంటే సభ్యుల్లో చాలామందికి "ఏవో వీడియోలు పెడుతున్నారట" అన్నంతవరకే తెలుసు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది: నిర్వచనంతో మొదలైన పాఠం ఏదీ పిల్లల బుర్రలో నిలవలేదు. "కిరణజన్య సంయోగక్రియ అనగా" (మొక్క వెలుగుతో తన ఆహారం తయారుచేసుకోవడం) అనగానే నోట్‌బుక్ తీసి చకచకా రాసుకుంటారు, అడిగితే పొల్లు పోకుండా అప్పజెబుతారు, అదే పిల్లల్ని ఇంత పెద్ద చెట్టుకు అంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ఏమాత్రం తడుముకోకుండా "మట్టిలోంచి" అంటారు. అందుకని పద్ధతి మార్చాం. ప్రతి పాఠం ముందు ఒక ప్రశ్న వేసి, ఎవరికి తోచిన జవాబు వాళ్లను చాట్‌లో రాయమని, అందులో ఎక్కువమంది రాసిన తప్పు జవాబు పట్టుకుని పాఠం నడపడం. టీచర్లుగా పనిచేసిన సభ్యులకు మొదట ఇది నచ్చలేదు, సిలబస్ వెనకబడుతుందన్నారు. వెనకబడింది కూడా. అయినా ఇదే సరైన దారి అని కార్యవర్గం అభిప్రాయం.

చెట్టు బరువు పాఠమే తీసుకోండి. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన సుమారు 90 కిలోల ఎండబెట్టిన మట్టిని కుండీలో పోసి, రెండు కిలోల పైచిలుకు ఉన్న విల్లో మొక్కను నాటి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. ఐదేళ్ల తర్వాత తూస్తే చెట్టు సుమారు 77 కిలోలు ఉంది, మట్టి మాత్రం దాదాపు 57 గ్రాములే తగ్గింది. ఈ అంకెలు తెర మీద పెట్టి ఇప్పుడు చెప్పండి అంటే పిల్లలు వెంటనే "నీళ్లే!" అన్నారు, హెల్మాంట్ కూడా సరిగ్గా అదే అనుకున్నాడు. అక్కడ పాఠం ఆపి, ఇంకేం మిగిలిందో ఆలోచించమని వదిలేశాం. గాలి పేరు రావడానికి చాలాసేపు పట్టింది. విచిత్రం ఏంటంటే మనం ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్న వాయువును గమనించి రాసినవాళ్లలో హెల్మాంట్ ముందువరసలో ఉంటాడు, తన చెట్టు దాన్నే తింటోందని మాత్రం ఆయనకు తట్టలేదు. గాలిలో ఆ వాయువు 0.04 శాతమే ఉంటుందని, చెట్టులోని కార్బనంతా అందులోంచే వచ్చిందని చెబితే చాట్ కాసేపు ఆగిపోయింది. ఆ తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు. చెట్టు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి రాదు, నీటిలోంచి వస్తుంది, 1941లో రూబెన్, కేమెన్‌ల బృందం బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో (ఆక్సిజనే, పరమాణువు బరువు మాత్రం ఎక్కువ) దీన్ని చూపించింది, ఈ సంగతి విని పెద్ద క్లాసుల పిల్లలు కూడా ఆశ్చర్యపోయారు.

దీని వెంటే వచ్చే ఇంకో అపోహ, మొక్కలు రాత్రిపూటే శ్వాసిస్తాయనేది. ఇది ఎంత చెప్పినా వదలడం లేదు. మొక్క కణాలు పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయి, కాకపోతే పగటి వెలుగులో కిరణజన్య సంయోగక్రియ జోరుగా నడుస్తుంది కాబట్టి లోపలికి పోయే ఆక్సిజన్ కంటే బయటికొచ్చేది ఎక్కువ. మొక్కకు హరితరేణువులు (ఆహారం తయారుచేసే భాగాలు) ఉన్నాయి కదా, మరి మైటోకాండ్రియా (ఆ ఆహారం నుంచి శ్వాసక్రియలో శక్తి తీసే భాగాలు) దేనికి అని అడిగి మొదలుపెడితే కొంచెం దారికి వస్తున్నారు.

కణం పాఠాల్లో అసలు ఇబ్బంది బొమ్మలతోనే. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి చచ్చిన కణాల ఖాళీ గోడలు మాత్రమే అని చెప్పి, అక్కణ్ణుంచి కేంద్రకం దాకా తీసుకెళ్లడం బాగానే సాగింది. కానీ పుస్తకంలో అన్ని కణాలూ ఒకే సైజులో గీసి ఉంటాయి, దాంతో పిల్లలకు బాక్టీరియా, ఎర్ర రక్త కణం, అండం అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఇప్పుడు ప్రతి బొమ్మ కింద కొలత వేస్తున్నాం: మనిషి అండం మిల్లీమీటరులో పదో వంతు, ఎర్ర రక్త కణం 7 నుంచి 8 మైక్రోమీటర్లు, మామూలు బాక్టీరియా ఒకటి రెండు మైక్రోమీటర్లు. కణాన్ని ఫ్యాక్టరీతో పోల్చే స్లైడ్లన్నీ తీసేశాం, పిల్లలకు ఫ్యాక్టరీ గుర్తుంటోంది గానీ కణం ఉండటం లేదు. ఎర్ర రక్త కణంలో కేంద్రకం ఉండదని చెప్పినప్పుడు ఒక అమ్మాయి "మరి అది పాడైతే బాగు చేసుకునేదెలా?" అని అడిగింది. చేసుకోలేదు కాబట్టే దాదాపు 120 రోజులకు దాని పని అయిపోతుంది. ఇలాంటి డౌట్ ఒక్కటి వస్తే చాలు, మిగతా పాఠం అదే నడుస్తుంది.

రక్త ప్రసరణలో కూడా బొమ్మల గోలే, నీలం రంగు గీతలు చూసి సిరల్లో రక్తం నిజంగానే నీలమని నమ్మేస్తారు. అది ముదురు ఎరుపు, అంతే.

అనువంశికతలో, అంటే తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు వచ్చే తీరులో, 3:1 నిష్పత్తి పెద్ద టెన్షన్. నలుగురు పిల్లలుంటే ముగ్గురు ఇలా, ఒకరు అలా ఉండి తీరాలని అనుకుంటారు. నాణెం ఎగరేయించి చూశాం, తర్వాత బఠాణీ మొక్కలతో అనువంశికతను పరిశోధించిన మెండెల్ అసలు లెక్క చూపించాం: 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతలవి. భాగిస్తే 2.96 వస్తుంది, సరిగ్గా మూడు కాదు. ఆయన కొన్ని వేల గింజలు ఎందుకు లెక్కపెట్టాడో అప్పుడు తెలిసింది. బహిర్గత లక్షణం (తల్లి, తండ్రి ఇద్దరిలో ఒక్కరి నుంచి జన్యువు వచ్చినా బయటపడేది) అంటే జనంలో ఎక్కువమందికి ఉండేది అన్న అపోహను మాత్రం ఇంకా కదిలించలేకపోయాం. చేతికి ఆరో వేలు చాలా సందర్భాల్లో బహిర్గత లక్షణమే, అయినా ఎంతమందికి ఉంటుంది? ఈ ఉదాహరణ వచ్చే ఏడాది మొదట్లోనే పెట్టాలి.

ద్రవాభిసరణకు (పలుచటి పొర గుండా నీరు లోపలికి, బయటికి పోవడం) ఎండుద్రాక్షలు ఇంట్లోనే నానబెట్టించాం, అందరూ చేశారు, బాగా వచ్చింది. పరిణామం మీద ఒక్క పాఠమే కుదిరింది. మందుకు బాక్టీరియా "అలవాటు పడుతుంది" అనుకునేవాళ్లకు, అంతకుముందే ఉన్న మార్పు వల్ల కొన్ని బతికిపోయి అవే పెరుగుతాయని చెప్పడానికే టైమంతా సరిపోయింది. ఆవరణ వ్యవస్థల జోలికి వెళ్లనేలేదు.

పాఠాలు చెప్పే తీరు గురించి రెండు ముక్కలు. చాలామంది ఫోన్లోనే చూస్తారు కాబట్టి ఒక బొమ్మలో పేర్లు మూడు నాలుగు మించితే చదవలేరు, ఈ నియమం ఇకముందు అందరూ పాటించాలి. ముందే తయారుచేసిన యానిమేషన్ కంటే చేత్తో అప్పటికప్పుడు గీస్తూ చెప్పిందే పిల్లలు ఇష్టపడ్డారు, గీసే చెయ్యి ఆగినప్పుడల్లా వాళ్లకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆబ్జెక్టివ్ క్విజ్‌లలో మార్కులు బాగానే వస్తాయి గానీ వాటిని చూసి మురిసిపోవడానికి లేదు. గుండె బొమ్మ గీసి, రక్తం వెళ్లే దారి బాణాలతో చూపించి ఫొటో పంపమంటే ఎవరికి ఎంత తెలుసో ఒక్క చూపులో తెలిసిపోతుంది. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం వెళ్తుందన్న దగ్గర సగం బాణాలు తలకిందులవుతాయి. అయితే అన్ని ఫొటోలు దిద్దడానికి మనుషులు చాలడం లేదు, అసలు సమస్య ఇదే.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన: కొత్త పాఠాల సంఖ్య తగ్గించి, ఉన్నవాటికి బొమ్మలు గీయించడం, దిద్దడం మీద దృష్టి పెట్టాలి. పాఠాలు తగ్గిస్తే పిల్లలు జారిపోతారని కొందరు సభ్యుల వాదన, దాని మీద సర్వసభ్య సమావేశంలో చర్చించి ఓటుకు పెడతాం. బొమ్మలు దిద్దగలవాళ్లు, చేత్తో చక్కగా గీయగలవాళ్లు, పాఠం స్క్రిప్టు ముందే చదివి తప్పులు పట్టగలవాళ్లు సమావేశానికి ముందే కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. జీవశాస్త్రం చదివి ఉండాల్సిన పనిలేదు, దిద్దడానికి కావాల్సిన నమూనా బొమ్మలు మేమే ఇస్తాం.