పంటి డాక్టర్ దగ్గర మత్తు అంటే ఏ మత్తు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో పళ్ల గురించి వేసినప్పుడల్లా రెండు పూటలా తోముకోండి, తీపి తగ్గించండి అనే ఉంటుంది. అవి మాకు తెలుసు, చేయం, అది వేరే సంగతి. పంటి ఆస్పత్రిలో "మత్తు ఇస్తాం" అంటారు చూడండి, ఆ మత్తు గురించి ఒకసారి వివరంగా వేయండి. ఆ ఒక్క మాట సరిగా అర్థం కాక నేను కాజీపేట బ్రిడ్జి మీద పడబోయాను.

నాకు కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది. రెండు నెలలు లవంగ నూనె, దూదితోనే నెట్టుకొచ్చాను. నొప్పి కంటే భయం ఎక్కువ, చిన్నప్పుడు ఊళ్లో పన్ను పీకించుకున్న భయం యాభై దాటినా పోలేదు. చివరికి హనుమకొండలో ఒక క్లినిక్‌కు పోతే నా వాలకం చూసి, "మీకు టెన్షన్ ఎక్కువుంది సార్, మత్తు కూడా ఇద్దాం" అన్నారు. చిగురుకు ఇచ్చే సూదే కదా అనుకుని సరేనన్నా. ఒక గోళీ ఇచ్చి గంటసేపు కూర్చోమన్నారు. గురక పెడతారా, నిద్రకు ఏమన్నా మందులు వాడుతున్నారా, వెంట ఎవరైనా వచ్చారా అని ఒక్కరూ అడగలేదు. పన్ను మాత్రం బాగా తీశారు, అది ఒప్పుకోవాలి.

అయిపోయింది కదా అని స్కూటీ తీశాను. బ్రిడ్జి ఎక్కేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి, వెనక నుంచి ఎవరో గట్టిగా హారన్ కొట్టకపోతే డివైడర్‌కు తగిలేవాణ్ణే. బండి పక్కన ఆపి మా బామ్మర్ది కొడుక్కి ఫోన్ చేశాను, అతను ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తాడు. వస్తూనే, "గా గోళీ వేసుకొని బండి ఎట్ల నడిపినవ్ మామా? రేపటిదాకా ముట్టొద్దు!" అని అరిచాడు. ఆ ముక్క క్లినిక్‌లో ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి అతను చెబితే తెలిసింది, మనం మత్తు అనే ఒక్క మాటలో నాలుగైదు సంగతులు కలిపేస్తున్నామని. చిగురుకు ఇచ్చే సూదిలో ఉండేది లిగ్నోకైన్, అది ఆ చోటు వరకే తిమ్మిరి చేసి నొప్పిని ఆపుతుంది, మనకు తెలివి అంతా ఉంటుంది. గోళీ అట్లా కాదు, అది భయాన్ని తగ్గిస్తుంది కానీ నొప్పిని ఆపదు, అందుకే గోళీ వేసుకున్నా సూది తప్పదు. పైగా కడుపులోకి పోయాక ఎక్కువైందని తగ్గించలేం, ఒకరికి కాస్త మబ్బుగా ఉంటే ఇంకొకరు సాయంత్రం దాకా తూలుతారు.

నవ్వించే గ్యాస్ అని ఇంకోటి ఉంది, నైట్రస్ ఆక్సైడ్. ముక్కుకు చిన్న మాస్కు పెట్టి ఆక్సిజన్‌తో కలిపి పీల్పిస్తారు, కొన్ని నిమిషాల్లో ఎక్కుతుంది, చివర్లో ఐదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇస్తే దిగిపోతుంది. భయపడే పిల్లలకు అదే నయం అంటాడు మావాడు, కాకపోతే జలుబుతో ముక్కు మూసుకుపోతే పనికిరాదు, గర్భం వచ్చిన మొదటి నెలల్లో వద్దంటారు. అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టర్ 1844లోనే ఈ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడట! ఇక నరానికి ఎక్కించే మత్తు ఉంది, అది మాత్రం మత్తు డాక్టర్ పక్కనే ఉండి, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ శాతం, బీపీ చూస్తూ ఇవ్వాల్సింది. పూర్తిగా నిద్రపుచ్చడం ఆస్పత్రి థియేటర్లో జరిగే పని.

ఈ తేడా తెలియక ఇంకో తిప్పలు కూడా చూశాను. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పెద్దవాళ్లు మత్తు అంటే పరగడుపే అనుకుని ఏమీ తినకుండా వస్తారు, షుగర్ ఉన్నవాళ్లు కుర్చీలోనే కళ్లు తిరిగి పడిపోతారు. ఉత్త సూదికైతే తినే రావాలి, తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి నమలలేం కదా. నరానికి ఇచ్చే మత్తుకైతే అన్నం తిని ఆరు గంటలు, మంచినీళ్లు తాగి రెండు గంటలు అయ్యుండాలి, షుగర్ గోళీలు ఏం చేయాలో ముందురోజే డాక్టర్‌ను అడగాలి.

నేను కోరేది పెద్దదేం కాదు. ఏ మత్తు ఇస్తున్నారో, ఎవరు ఇస్తున్నారో, బండి ఎప్పుడు ముట్టుకోవచ్చో ఒక కాగితం మీద తెలుగులో రాసి చేతికివ్వాలి, మత్తుకు డబ్బులు వేరేగా తీసుకుంటే అదీ అందులోనే రాయాలి. మీరు ఎవరైనా మత్తు డాక్టర్‌తో మాట్లాడి ఇదంతా ఆదివారం పేజీలో వేస్తే ఇంకా మంచిది.

రెండో వైపు పన్ను కూడా తీయాలన్నారు. ఈసారి ఉత్త సూది చాలన్నాను. ఎందుకైనా మంచిదని ఆ రోజుకు స్కూటీ తాళం మా ఆవిడ దాచిపెడుతుందట.

ఇట్లు,
మీ పాఠకుడు, కాజీపేట