చర్చలకు కూర్చునే మనిషి ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

మావోయిస్టులతో చర్చలు జరపాలా, వద్దా అన్న వాదన మన పత్రికల్లో ఏళ్ల తరబడి చదువుతున్నాం. జరపాలనేవాళ్లు ప్రజాస్వామ్యం గురించి చెబుతారు. వద్దనేవాళ్లు 2004 హైదరాబాద్ చర్చల అనుభవం చాలదా అంటారు. చర్చలంటూ జరిగితే ప్రభుత్వం తరఫున కూర్చునేది ఎవరని మాత్రం రెండు వైపులవాళ్లూ అడగరు. మంత్రిగారు తన మిగతా పనుల మధ్య తీరిక చూసుకుని వస్తారా? లేక ఇదే పనిగా ఏళ్లకేళ్లు కూర్చోగల మనిషిని పెడతారా?

కొలంబియా సంగతులు చదివినప్పుడల్లా నాకు ఈ సందేహం వస్తుంది. అక్కడ ఫార్క్ అనే వామపక్ష గెరిల్లా సంస్థతో శాంతి ఒప్పందం కుదిరిందనీ, అధ్యక్షుడు సాంతోస్‌కు 2016లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందనీ చాలామందికి తెలుసు. నాలుగేళ్లు బల్ల ముందు కూర్చుని ఆ ఒప్పందం కుదిర్చిన ఉంబెర్తో దె లా కాయె పేరు మన దగ్గర విన్నవాళ్లు తక్కువ.

ఆయన 1946లో కాల్దాస్ ప్రాంతంలోని మాన్సానారెస్‌లో పుట్టారు. లా చదివారు. 1980ల్లో ఆ దేశంలో ఎన్నికలు జరిపించే జాతీయ రిజిస్ట్రార్‌గా పనిచేశారు. లిబరల్ పార్టీ మనిషి. తుపాకీ పట్టిన వామపక్షంతోనూ, సైన్యాన్ని పంపి అంతా తేల్చేద్దామనే మితవాదంతోనూ ఆయనకు పొసగలేదు. మన దగ్గరైతే ఇలాంటివాళ్లను గోడ మీద పిల్లి అంటాం. అక్కడా దాదాపు అదే అన్నారు.

1991లో కొలంబియా కొత్త రాజ్యాంగం రాసుకుంది. అధ్యక్షుడు గవీరియా ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న దె లా కాయె రాజ్యాంగ సభలో ప్రభుత్వం తరఫున మాట్లాడారు. అప్పటికి ఏడాది కిందటే ఆయుధాలు వదిలిన ఎం-19 గెరిల్లా సంస్థ నాయకుడు ఆంతోనియో నవారో వోల్ఫ్ ఆ సభను నడిపిన ముగ్గురు అధ్యక్షుల్లో ఒకరు. నిన్నటిదాకా పోలీసులు వెతికిన మనిషి అధ్యక్ష స్థానంలో ఉంటే, ఆయన ఎదుట నిలబడి మంత్రి తన వాదన వినిపించుకోవాలి. అలా ఒకసారి పనిచేసినవాడికి గెరిల్లాతో మాట్లాడటమంటే ఆకాశం విరిగి మీద పడ్డట్టు ఉండదు. ఇరవై ఏళ్ల తర్వాత క్యూబా రాజధాని హవానాలో ఫార్క్‌తో చర్చల్లో పనికొచ్చింది ఈ అనుభవమేనని నా అభిప్రాయం.

1994లో ఎర్నెస్తో సాంపెర్ అధ్యక్షుడయ్యారు. కొత్త రాజ్యాంగం కింద తొలి ఉపాధ్యక్షుడు దె లా కాయె. ఆ ఎన్నికల ప్రచారంలోకి కాలి అనే నగరానికి చెందిన ముఠా మాదకద్రవ్యాల డబ్బు వచ్చిందని గొడవ మొదలైంది. అధ్యక్షుడు తప్పుకోవాలని ఉపాధ్యక్షుడే బహిరంగంగా అన్నారు. సాంపెర్ కదల్లేదు. 1996లో దె లా కాయె తానే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. సాంపెర్ 1998 దాకా హాయిగా కుర్చీలోనే ఉన్నారు. పదవి పట్టుకుని వేలాడే నాయకులనే చూసీ చూసీ అలవాటైన మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

ఇక అసలు విషయం. సాంతోస్ ప్రభుత్వం దె లా కాయెను ప్రధాన ప్రతినిధిగా పెట్టి 2012 అక్టోబరులో ఓస్లోలో చర్చలు ప్రారంభించింది. తర్వాత కథంతా హవానాలోనే. క్యూబా, నార్వే హామీదారులు. అంతకుముందు 1999 నుంచి 2002 దాకా పాస్త్రానా ప్రభుత్వం కాగ్వాన్ ప్రాంతంలో 42 వేల చదరపు కిలోమీటర్ల నేల నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచి, కెమెరాల సాక్షిగా చర్చలు జరిపి చేతులు కాల్చుకుంది. అందుకే ఈసారి దేశం బయట, తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. మాట్లాడాల్సినవి ఆరే అంశాలని ముందే రాసుకున్నారు: భూమి, రాజకీయాల్లో పాల్గొనడం, ఆయుధాల విరమణ, మాదకద్రవ్యాలు, బాధితులు, అమలు. అన్నీ తేలేదాకా ఏదీ తేలినట్టు కాదన్నది నియమం. కాల్పుల విరమణ లేకుండానే మొదలుపెట్టారు. 2014 నవంబరులో ఒక జనరల్‌ను ఫార్క్ పట్టుకుపోతే చర్చలు ఆగాయి, ఆయన్ను వదిలాక మళ్లీ సాగాయి.

ప్రభుత్వ బృందంలో ఎవరెవరు ఉన్నారో చూడండి. ఫార్క్‌తో పోరాడిన సైన్యానికి ఒకప్పుడు అధిపతిగా ఉన్న విశ్రాంత జనరల్ మోరా, పోలీసు శాఖకు అధిపతిగా చేసిన జనరల్ నరాన్హో, పారిశ్రామికవేత్తల సంఘం నాయకుడు వియెగాస్. రేపు ఒప్పందాన్ని తిట్టబోయే వర్గాలన్నిటి నుంచీ ఒక్కో మనిషిని ముందే బల్ల దగ్గర కూర్చోబెట్టారన్నమాట. 2014లో బాధితులను పన్నెండు మంది చొప్పున అయిదు విడతలుగా హవానాకు పిలిపించారు. ఫార్క్ చేతిలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, సైన్యం చేతిలో, పారామిలిటరీలనే ప్రైవేటు సాయుధ ముఠాల చేతిలో పోగొట్టుకున్నవాళ్లు కలిసి వచ్చారు. రెండు పక్షాలూ కూర్చుని విన్నాయి. ఎన్ని పేజీల ఒప్పందం కన్నా ఈ ఏర్పాటే గొప్పదని నాకు అనిపిస్తుంది.

2016 సెప్టెంబరు 26న కార్తహేనాలో సంతకాలయ్యాయి. అక్టోబరు 2న ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఓటేసింది 38 శాతం కంటే తక్కువే. 54 వేల లోపు ఓట్ల తేడాతో ఒప్పందం ఓడిపోయింది! 2002లో ఫార్క్ విసిరిన సిలిండర్ బాంబు చర్చి మీద పడి, లోపల తలదాచుకున్న జనం పదుల సంఖ్యలో చనిపోయిన బోహాయాలో నూటికి 96 మంది ఒప్పందానికి అవునన్నారు. మెదెయిన్ నగరం కాదంది. యుద్ధం భరించినవాళ్లు ఒకలా, టీవీలో చూసినవాళ్లు ఒకలా ఓటేశారని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉంది, రాజధాని బొగొతా కూడా అవునన్నదే. బోహాయా లెక్క మాత్రం ఎవరూ కాదనలేనిది.

ఫలితం రాగానే దె లా కాయె తన పదవిని అధ్యక్షుడి ముందు పెట్టారు. ఉండమంటే ఉండి, వద్దన్న పక్షం అభ్యంతరాలన్నీ పట్టుకుని మళ్లీ హవానా వెళ్లారు. నవంబరు 12కల్లా సవరించిన ఒప్పందం సిద్ధమైంది. ఫార్క్ తన ఆస్తుల జాబితా ఇవ్వాలన్నది అందులో గట్టిపడింది. మాజీ గెరిల్లాలు చట్టసభలో కూర్చోవచ్చన్న అంశాన్ని మాత్రం వదులుకోలేదు. ఒప్పందాన్ని వ్యతిరేకించిన మాజీ అధ్యక్షుడు ఉరిబే వర్గం దీనికీ ఒప్పుకోలేదు. ఈసారి జనం దగ్గరికి వెళ్లకుండా కాంగ్రెస్‌లో ఆమోదం తీసుకున్నారు. ఇది నాకు నచ్చని విషయం. జనం వద్దన్నదాన్ని ప్రతినిధుల చేత అవుననిపించుకోవడం చట్టానికి సరిపోయి ఉండొచ్చు, ఆ మచ్చ ఒప్పందాన్ని వదల్లేదు. ఆయుధాలు మాత్రం నిజంగానే ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చాయి, దాదాపు తొమ్మిది వేలు. 2019లో ఇవాన్ మార్కెస్ లాంటి కొందరు నాయకులు మళ్లీ అడవి పట్టారు. అత్యధికులు పట్టలేదు.

2018 అధ్యక్ష ఎన్నికల్లో దె లా కాయె లిబరల్ అభ్యర్థిగా నిలబడ్డారు. వచ్చిన ఓట్లు రెండు శాతం చిల్లర. ఒప్పందాన్ని తిట్టిన ద్యూకే గెలిచారు. 2022లో మధ్యేవాద కూటమి తరఫున దె లా కాయె సెనేట్‌కు వెళ్లడం కొంత ఊరట.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో మావోయిస్టులతో చర్చలు జరిగాయి. నల్లమల నుంచి వచ్చిన నాయకులు బస చేసిన మంజీరా గెస్ట్‌హౌస్ ముందు భూమి అర్జీలు పట్టుకుని జనం బారులు తీరిన రోజులవి. ప్రభుత్వ బృందానికి హోం మంత్రి జానారెడ్డి గారు నాయకత్వం వహించారు. మధ్యవర్తులుగా ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పెద్దలు 1997 నుంచీ పౌరస్పందన వేదిక పేరుతో చేసిన కృషి లేకపోతే ఆ నాలుగు రోజులు కూడా ఉండేవి కావు. ఆయుధాలు, భూమి అనే రెండు ముళ్ల దగ్గరే బండి ఆగింది. రెండో విడత జరగలేదు. 2005 జనవరిలో మావోయిస్టులు వైదొలిగారు, ఆగస్టులో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి గారి హత్య, వెంటనే మళ్లీ నిషేధం.

తప్పు ఎవరిదని తిరిగి తవ్వడం నా ఉద్దేశం కాదు, రెండు పక్షాలకూ వాటా ఉంది. కొలంబియా పరిస్థితి వేరు, ఫార్క్ వేరు, అదీ తెలుసు. కానీ శంకరన్ గారు మధ్యవర్తి. ప్రభుత్వం తరఫున మాట ఇచ్చే అధికారం ఆయనకు లేదు. మాట ఇవ్వగల మంత్రిగారికి శాంతిభద్రతలు, అసెంబ్లీ, పార్టీ, నియోజకవర్గం అన్నీ ఉన్నాయి. రెండో విడత ఎందుకు జరగలేదో అడిగితే, పొద్దున లేచింది మొదలు అదే పనిగా జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరూ లేరు. అక్కడ ప్రజాభిప్రాయంలో ఓడిన రోజు దేశం ఎవరి మొహం చూడాలో తెలుసు.

అలాంటి పనికి ముందుకొచ్చే రాజకీయ నాయకుడికి రెండు శాతం ఓట్లే మిగలొచ్చు. ఆ సంగతి తెలిసీ ఏ పార్టీ ఎవరిని పంపుతుందో నాకైతే తోచడం లేదు. అందుకే మీకు ఒక విన్నపం. కేంద్రం గానీ, ఏ రాష్ట్రం గానీ, అజ్ఞాతంలో ఉన్న పార్టీ గానీ ‘చర్చలకు సిద్ధం’ అని ప్రకటన ఇచ్చినప్పుడు, సిద్ధంగా ఉన్న మనిషి పేరేమిటి, ఆయనకు ఏం అధికారం ఇచ్చారు, ఎన్నాళ్లు కూర్చుంటారు అని మీ విలేకరులు అడగాలి. జవాబు రాకపోతే ఆ విషయం కూడా ప్రకటన పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వరంగల్