ఎమ్మెల్సీ ప్రాధాన్య ఓట్ల అసలు లెక్క చూపించండి

సంపాదకుల వారికి,

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థులకు ఇష్టం వరసలో 1, 2, 3 అని అంకెలు వేసే ఈ పద్ధతి మంచిదా, మామూలు ఓటే మేలా అని చర్చ మొదలవుతుంది. ఓటర్ల ఇష్టాలు ఎలా ఉన్నాయో చూడకుండా ఏ పద్ధతి మంచిదో ఎలా తేలుస్తారండీ?

అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ 1500 ఉండాలా, 2000 ఉండాలా, 2500 ఉండాలా అన్న గొడవే తీసుకోండి. 1500 అడిగేవాళ్లు తప్పదంటే 2000కి ఒప్పుకుంటారు, 2500 వాళ్లూ అంతే. ఇష్టాలు ఇలా ఒకే వరసలో ఉంటే, ఏ రెండింటికి పోటీ పెట్టుకుంటూ పోయినా చివరికి నడిమి ఓటరు కోరిందే నెగ్గుతుందని 1948లోనే ఆర్థికవేత్త డంకన్ బ్లాక్ చూపించాడు. అదే లిఫ్టు, బోరు, కెమెరాల్లో ఏది ముందు అంటే అలాంటి వరస ఉండదు. ఒకరు లిఫ్టు-బోరు-కెమెరా, ఇంకొకరు బోరు-కెమెరా-లిఫ్టు, మూడోవారు కెమెరా-లిఫ్టు-బోరు అన్నారంటే బోరు మీద లిఫ్టు, కెమెరా మీద బోరు, మళ్లీ లిఫ్టు మీద కెమెరా 2-1తో గెలుస్తాయి, ఇక తెల్లారినా తెగదు. ఏ మూడు తీసుకున్నా వాటిలో ఒకటి 'అన్నిటికన్నా అధ్వానం' కాదని అందరూ ఒప్పుకుంటే చాలు, ఈ చిక్కు రాదని మన అమర్త్య సేన్ 1966లో నిరూపించారు.

అయితే అందరికీ సమ్మతమైన మనిషి పోటీలో ఉన్నా మన ఎలిమినేషన్ పద్ధతి, అంటే తక్కువ ఓట్లు వచ్చినవాళ్లని ఒక్కొక్కరిగా తీసేస్తూ వాళ్ల ఓట్లు తర్వాతి ప్రాధాన్యం ఉన్నవాళ్లకి కలిపే పద్ధతి, అతన్ని ముందే పంపించేయొచ్చు. 2022 ఆగస్టులో అలాస్కాలో జరిగిన అమెరికా కాంగ్రెస్ ఉప ఎన్నికలో అదే జరిగింది. ముఖాముఖి అయితే బెగిచ్ అనే అభ్యర్థి అటు పెల్టోలానూ ఇటు పేలిన్‌నూ ఓడించేవాడు, కానీ తొలి ప్రాధాన్య ఓట్లు తక్కువని ముందే తీసేశారు, పెల్టోలా గెలిచింది. అక్కడ బ్యాలెట్ల డేటా బయటపెట్టారు కాబట్టి ఇది తెలిసింది.

మరి మనకో? 2021లో వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానానికి 71 మంది పోటీ చేశారు, లెక్కింపు రోజుల తరబడి సాగింది, రౌండ్ల వారీగా ఎవరికెన్ని ఓట్లో, ఎవరు ఎలిమినేట్ అయ్యారో చెప్పారు. ఆ పోయినవాళ్లలో ఎవరైనా గెలిచిన అభ్యర్థిని ముఖాముఖిలో ఓడించేవారా అన్నది మాత్రం ఆ అంకెల్లో దొరకదు. చాలామంది వయొలెట్ పెన్నుతో 1 ఒక్కటే వేసి వచ్చేస్తారు, రెండో మనిషి మీద వాళ్ల ఉద్దేశమేంటో ఎవరికీ తెలియదు.

బ్యాలెట్లు ఉన్నవి ఉన్నట్టు బయటపెట్టమని నేను అడగను. అంతమంది అభ్యర్థులున్నచోట అంకెల వరసను బట్టే ఓటరు ఎవరో పసిగట్టేయొచ్చు, డబ్బిచ్చినవాడికి అదే కావాలి. ఎంతమంది ఓటర్లు ఏ అభ్యర్థిని ఎవరికంటే ముందు పెట్టారో జంటల వారీ పట్టిక ఒక్కటి ఫలితాలతో పాటు ఇస్తే చాలు. ఎన్నికల సంఘాన్ని ఈ పట్టిక గురించి మీ పత్రిక తరఫున గట్టిగా అడగండి.

- ఒక పట్టభద్ర ఓటరు, ఖమ్మం