అద్దం అని రాయకు, చిన్నీ

చిన్నీ,

ఎలా ఉన్నావు? పుణెలో వానలు మొదలయ్యాయని టీవీలో చెప్పారు. గొడుగు ఉందా, లేక అదీ ఆటోలో వదిలేశావా? ఫోన్ ఎత్తడం లేదు, బిజీ అయ్యుంటావులే. సుజాత పిన్ని ఏదో అంది, ఆవిడ మాటలు మనకు తెలిసినవేగా, నేను పట్టించుకోలేదు. నీ సినిమా కోర్సు కోసం రాసి పంపిన వ్యాసం చదివాను, దాని గురించే ఈ ఉత్తరం.

మొదటి వాక్యంలోనే "సినిమా సమాజానికి అద్దం" అని రాశావు. ఇన్నేళ్లు సోషల్ చెప్పినదాన్ని, ఆ ముక్క ఎన్ని ఆన్సర్ పేపర్లలో దిద్దానో! ఆ అద్దం కొన్నదెవరు, ఎవరింట్లో తగిలించారు అని అడగవా? 1938లో మాలపిల్ల, మరుసటి ఏడు రైతుబిడ్డ, రెండూ గూడవల్లి రామబ్రహ్మం తీసినవి. రెంటినీ కలిపి "అభ్యుదయ చిత్రాలు" అని ఒక్క పేరాలో చుట్టేశావు. రైతుబిడ్డ మీద జమీందార్లు మండిపడ్డారు, నిషేధం దాకా వెళ్లింది. మరి తీసిన సారథి సంస్థలో డబ్బెవరిది? చల్లపల్లి జమీందారుది! అది వదిలేస్తే ఇంకేం మిగిలింది? జమీందారు డబ్బుతో జమీందార్లను తిట్టే సినిమా ఎలా వచ్చింది, అందులో ఆయనకేముంది అని తవ్వితే అదే ఒక వ్యాసం. ఏ సినిమాకైనా ముందు డబ్బెవరిదో చూడాలి. ఆ మాటకొస్తే నీ కోర్సు ఫీజు ఎవరు కట్టారు? జీతంలోంచే కదా? జీతం వస్తోంది కదా? ఊరికే అడిగాను.

దాసి, అదే దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, చాకిరీ చేసే ఆడమనిషి మీద నర్సింగరావుగారు తీసిన సినిమా, దాని గురించి "నిదానం ఎక్కువ" అని రాశావే, మీ నాయనమ్మ ఉంటే చెవి మెలిపెట్టేది. అది టీవీలో వచ్చినప్పుడు నువ్వింకా పుట్టలేదు. పాతింట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు ఇంటినిండా జనం. డాన్సులు లేవు, ఫైట్లు లేవు, మాటలూ తక్కువే. మీ చిన్న బాబాయి లేస్తాడు, కూర్చుంటాడు, "ఏందమ్మా, గంట సంది ఏం జరుగుతలేదు" అంటాడు. మధ్యలో కరెంటు పోయి వచ్చేసరికి సగం మంది వెళ్లిపోయారు. నాయనమ్మ మాత్రం కదల్లేదు. వాడు మళ్లీ గొణిగితే అప్పుడంది, "గడీల పొద్దు గట్లనే పోయేది రా. ఎప్పుడు పిలుస్తరో అని చెవులు అటే పెట్టి నిలబడ్డోళ్లకు పొద్దు ఉరుకుతదా?" అని. లచ్చవ్వ అనే ఆమెను దొరసాని వెంట ఆడబాపగా (పెళ్లికూతురితో పాటు అత్తింటికి పంపే దాసిగా) పంపిన సంగతి ఆ రోజే నోరు విప్పి చెప్పింది, అదీ ముక్కలు ముక్కలుగా, పొయ్యి మీద పప్పు ఉందని మధ్యలో లేచి వెళ్తూ. బాబాయి ఆ తర్వాత మళ్లీ నోరెత్తలేదు. నర్సింగరావుగారు ఆ నిదానం కావాలని పెట్టిందే, ఎ.కె. బీర్ కెమెరా పనికి, అర్చన నటనకి జాతీయ అవార్డులు ఊరికే ఇచ్చారా? నువ్వేమో లాప్‌టాప్‌లో స్పీడు పెంచుకుని చూస్తావట (తమ్ముడు చెప్పాడులే, వాణ్ని తిట్టకు), ఇక నీకేం తెలుస్తుంది?

హాల్లో చూడు. నోట్సు తర్వాత రాసుకోవచ్చు. దొర కూర్చుంటే వెనక నిలబడ్డదెవరు, ఆ మనిషికి సినిమాలో పేరుందా, హాల్లో ఈల ఎక్కడ పడింది, ఇవి గమనించు. పెద్ద హీరోల సినిమాలను చులకన చెయ్యకు, ఈలలు పడేది వాటికే, జనానికి ఏం కావాలో అక్కడే తెలుస్తుంది. చూడని ఫారిన్ సినిమాల పేర్లు రాయకు. అయ్యో, క్లాసు పీకనని అనుకునే కూర్చున్నాను!

అయినా అది నెల రోజుల కోర్సే కదా, సెలవు సరిపోదూ? దానికోసం ఉద్యోగం మానేస్తారా ఎవరైనా?

తలకు నూనె పెట్టుకో. రాత్రి రెండింటిదాకా సినిమాలు చూసి పొద్దున ఉత్త టీ తాగి పరిగెత్తకు. కొత్త ఆవకాయ, కరివేపాకు పొడి కట్టి ఉంచాను, ఏ అడ్రసుకి పంపాలో తెలియడం లేదు. పాత రూం ఖాళీ చేశావని కూడా పిన్ని అంది మరి. రాజీనామా ఇచ్చావా, సెలవు పెట్టావా, ఒక్క ముక్క మెసేజ్ పెట్టు. నాన్న సంగతి నేను చూసుకుంటాను. కొరియర్ వాళ్లు గాజు సీసా తీసుకోరట, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పోశాను, అందగానే సీసాలోకి మార్చుకో, తడి చెంచా పెట్టకు.

మీ అమ్మ