రాజప్రముఖ్‌ను అప్పుడే మరిచిపోయామా?

అయ్యా,

రాజ్‌భవన్ల తీరుతో విసిగిపోయిన ఒక పాఠకుడు మొన్న మీ పత్రికకు లేఖ రాస్తూ, ఈ గవర్నర్ల కంటే బ్రిటన్‌లో లాంటి వంశపారంపర్య రాజే నయమన్నారు. ఆయన విసుగు అర్థమవుతుంది. గవర్నర్ దగ్గర బిల్లులు కదలడం లేదని 2023 మార్చిలో మన తెలంగాణ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకెక్కింది. పార్టీలతో పనిలేని పెద్దమనిషి ఒకరు పైన ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ పెద్దమనిషి రాజే అయి ఉండాలనడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

నిజానికి ఆ ముచ్చట హైదరాబాద్‌లో ఒకసారి తీరింది. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం పోయినా ఏడో నిజాం పదవి పూర్తిగా పోలేదు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా ఆయనే అప్పటి హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. వేరే రాష్ట్రాల్లో గవర్నర్ ఏ కుర్చీలో ఉంటారో ఇక్కడ ఆ కుర్చీలో ఆయన. పైగా ఏడాదికి 50 లక్షల రాజభరణం. 1911 నుంచి తన ఫర్మానాయే చట్టంగా బతికిన మనిషి, 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం చెప్పినట్టు నడుచుకోవాల్సి వచ్చింది. రాజ్యాంగం ఆయనకు వేరే దారి ఉంచలేదు. అక్కడ పని చేసింది ఆ కట్టడి. నిజాంల ఆసఫ్‌జాహీ వంశానికి అందులో పాత్రేమీ లేదు.

బ్రిటన్‌లోనూ ఇంతే. పార్లమెంటు పంపిన బిల్లుకు సింహాసనం చివరిసారి ఆమోదం నిరాకరించింది 1708లో. స్కాట్లండ్ సైనికదళం బిల్లును ఆన్ రాణి ఆపారు, అదీ మంత్రులు చెబితేనే. అప్పటినుంచి అడ్డుపడలేదు కాబట్టే ఆ గౌరవం నిలిచింది. ఆ మౌనం వల్ల నష్టమూ ఉంది. 2019లో బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు మూసేద్దామంటే ఎలిజబెత్ రాణి సరేనన్నారు. అది చెల్లదని సెప్టెంబర్ 24న తేల్చింది అక్కడి సుప్రీంకోర్టులోని పదకొండు మంది జడ్జీలు. రాజులు అందరూ అలా తలూపుతారన్న నమ్మకమూ లేదు. 1990లో గర్భస్రావం చట్టంపై సంతకానికి బెల్జియం రాజు తన మనస్సాక్షి ఒప్పదన్నారు. అక్కడి మంత్రులు ఆయన పాలించే స్థితిలో లేరని ప్రకటించి, చట్టం తామే జారీ చేసి, మర్నాడు మళ్లీ సింహాసనం మీద కూర్చోబెట్టారు! స్వీడన్ అంతకు ముందే, 1974లో, చట్టాలకు రాజు సంతకమే అక్కర్లేకుండా చేసేసింది. నా ఓటు స్వీడన్‌కే. 1981లో స్పెయిన్ రాజు టీవీలో కనబడి సైనిక తిరుగుబాటుకు ఎదురు నిలిచిన మాట నిజమే, దాన్ని కాదనను.

రాజు అందరివాడు అన్న మాట కూడా మన ఊళ్లో నిలవదు. 2023 జనవరిలో ఏడో నిజాం మనవడు ముకర్రం జా భౌతికకాయాన్ని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంచినప్పుడు నేనూ లైన్లో నిలబడ్డాను. ముందున్న ముసలాయన ఒకరు "ఉస్మానియా దవాఖానల పుట్టినోణ్ణి, ఒక్కసారి చూసి పోదామని వచ్చిన" అన్నారు. ఆ అభిమానాన్ని తప్పు పట్టలేం. అదే వంశం పేరు నల్లగొండ పల్లెల్లో ఎత్తితే వెట్టి గురించి, రజాకార్ల గురించి వినాల్సి వస్తుంది. ఏటా సెప్టెంబర్ 17 వస్తే చాలు, కేంద్రం జరిపే పండుగ ఒకటి, రాష్ట్రం జరిపేది మరొకటి. ఆ పాలన ముగిసిన రోజు మీదే ఇంత పేచీ ఉంటే, ఆ కుర్చీ ఇప్పటికీ ఉండి ఉంటే ఏమయ్యేదో!

గవర్నర్ల జబ్బుకు మందు ఎప్పుడో రాసి పెట్టారు. ఈమధ్య వరకు రాజకీయాల్లో మునిగి ఉన్నవారిని గవర్నర్లుగా పంపొద్దని కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్ 1988లోనే చెప్పింది. బిల్లుపై ఆరు నెలల్లో తేల్చాలని అదే విషయంపై వేసిన పూంఛీ కమిషన్ 2010లో అన్నది. గడువులు పెట్టే అధికారం కోర్టులకు లేదని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పాక, ఆ పని పార్లమెంటే చేయాలి. మన రాష్ట్రం నుంచి లోక్‌సభలో 17 మంది ఉన్నారు. ఈ రెండు నివేదికల గురించి వాళ్లేమంటారో ఒక్కొక్కరినీ అడిగి మీ పత్రికలో వేయండి. పార్టీ పేరుతో సహా వేస్తే మరీ మంచిది.

— ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్