శ్రావణం బుకింగ్‌లకు ముందు: మా కెమెరాల మెనూల్లో, అద్దె నిబంధనల్లో మార్పులు

ఆషాఢం కాబట్టి ముహూర్తాలు లేవు, అద్దెకు తిరిగే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా బాడీలన్నీ (లెన్స్ లేని కెమెరాలు) షాపులోనే ఉన్నాయి. ఈ ఖాళీలో ఒక్కోదాన్నీ పరీక్షించి, మెనూలు సరిచేసి, కొన్ని నిబంధనలు మార్చాం. శ్రావణం పెళ్లిళ్లకు బుక్ చేసినవాళ్లు, మా దగ్గర సెకండ్ హ్యాండ్ బాడీ కొనాలనుకునేవాళ్లు కోఠికి వచ్చే ముందు ఇది ఒకసారి చదవండి.

ముందు మా తప్పు సంగతి. పోయిన సీజన్‌లో కొన్ని బాడీలను లెన్స్ కరెక్షన్ (లెన్స్ లోపాలను కెమెరా తానే సరిదిద్దే సెట్టింగ్) ఆన్‌లో ఉండగానే వేరే కంపెనీ లెన్స్‌తో కలిపి ఇచ్చేశాం. తక్కువ వెలుగులో తీసిన, కెమెరాయే దిద్ది ఇచ్చే జేపెగ్‌లలో నీళ్లలో రాయి వేసినట్టు వలయాలు పడ్డాయి. కెమెరా లెన్స్‌ను ఐడీ నంబర్‌తో గుర్తుపడుతుంది. వేరే కంపెనీ లెన్స్ ఒక్కోసారి కెమెరా కంపెనీవారి ఏదో లెన్స్ నంబరే చెబుతుంది. కెమెరా దాన్ని నమ్మి, ఆ లెన్స్ తాలూకు లెక్కతో దీని మూలలను తెల్లగా చేస్తుంది. కెమెరా దిద్దకుండా ఉంచే రా ఫైళ్లకు ఈ దెబ్బ తగల్లేదు. జేపెగ్ ఒక్కటే తీసి నష్టపోయినవాళ్లు బిల్లు, ఒక ఫైలు పట్టుకురండి, ఆ రోజు అద్దె తిరిగి ఇస్తాం. డిస్‌ప్లేలో కరెక్షన్ డేటా ఉందని కనిపించినా వేరే కంపెనీ లెన్స్ అయితే ఆఫ్ చేయమని కెనాన్ మాన్యువల్‌లోనే ఉంది. చూసుకోవాల్సింది మేమే.

ఇక నుంచి బాడీలు ఇలా సెట్ చేసి ఇస్తాం. అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు తీసే క్రోమాటిక్ ఆబరేషన్ కరెక్షన్ సొంత కంపెనీ లెన్స్‌కు ఆన్. మూలల చీకటి తీసే పెరిఫెరల్ ఇల్యూమినేషన్ కూడా అంతే. కాకపోతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 6400 దాటితే దాన్ని ఆఫ్ చేసుకోండి. చీకటిగా ఉన్న మూలను పైకి లాగితే అక్కడి గ్రెయిన్ (ఇసుక రవ్వల్లాంటి మచ్చలు) కూడా పైకి వస్తుంది. వంగిన గీతలను నిటారు చేసే డిస్టార్షన్ కరెక్షన్ మాత్రం అన్నిటిలోనూ ఆఫ్. అది ఫ్రేమ్ అంచులను కాస్త కోసేస్తుంది, వరుసగా తీసేటప్పుడు బఫర్ (ఫొటోలు కార్డులోకి వెళ్లేలోపు ఆగే మెమరీ) కూడా త్వరగా నిండుతుంది. స్టేజీ మీద గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ మేనత్త సగం మాయమైతే ఆల్బమ్ రోజున సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. ఇంకో మాట. 24 ఎంఎంలో చివరివాళ్ల ముఖాలు వెడల్పుగా సాగితే దానికి ఈ మెనూ మందు కాదు. అది లెన్స్ లోపం కాదు, వైడ్ యాంగిల్ స్వభావం. రెండడుగులు వెనక్కి జరిగి 35 దగ్గర తీయండి.

చీకటి భాగాలను కెమెరా తానే వెలిగించే ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ ఆఫ్. మీరు మైనస్ కాంపెన్సేషన్ పెట్టి ఫొటో డార్క్ చేయాలనుకుంటే ఇది మళ్లీ పైకి లేపుతుంది. పెళ్లికొడుకు నల్ల సూటు బూడిద రంగులోకి పోతుంది. తెల్ల పంచె మీద, జరీ మీద వివరం పోకూడదనుకుంటే హైలైట్ టోన్ ప్రయారిటీ ఆన్ చేసుకోండి. ఐఎస్ఓ 200 కంటే కిందికి దిగదు, నీడల్లో గ్రెయిన్ కొంచెం పెరుగుతుంది, ఆటో లైటింగ్ దానంతట అదే ఆగిపోతుంది. నికాన్‌లో యాక్టివ్ డీ-లైటింగ్ కూడా ఆఫ్ చేశాం. అది క్లిక్ చేసేటప్పుడే ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) తగ్గించి, తర్వాత నీడలను లేపుతుంది. ఆ రా ఫైలును వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తగ్గించిన ఎక్స్‌పోజర్ ఒకటే మిగిలి, ఫొటో చీకటిగా కనిపించవచ్చు.

ఎక్కువసేపు తీసే ఫొటోల్లో గ్రెయిన్ తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్. 30 సెకన్ల ఫొటో తీస్తే, షట్టర్ మూసి మరో 30 సెకన్లు చీకటి ఫ్రేమ్ తీసుకుని దాన్ని మొదటిదాంట్లోంచి తీసేస్తుంది. టాంక్‌బండ్ మీద రాత్రి దృశ్యానికి బాగుంటుంది గానీ బాణసంచా దగ్గర పెడితే సగం కార్యక్రమం 'బిజీ' అని చూస్తూ నిలబడాలి.

ఫంక్షన్ హాల్ లైట్ల గురించి ఎక్కువ మంది అడుగుతున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కెనాన్ 7డీ మార్క్ 2, 80డీ, 5డీ మార్క్ 4, నికాన్ డీ500, డీ850 బాడీల్లో యాంటీ ఫ్లికర్ ఉంది, ఆన్ చేసే ఇస్తున్నాం. వెలుగు శిఖరానికి చేరే క్షణం దాకా కెమెరా ఆగి క్లిక్ చేస్తుంది కాబట్టి బటన్ కాస్త మొద్దుబారినట్టు అనిపిస్తుంది, వరుస ఫొటోల వేగం కొద్దిగా తగ్గుతుంది. అది రిపేరు కాదు. అయితే ఇది 100, 120 సార్ల మినుకునే పట్టుకుంటుంది. వెనకాల పెట్టే ఎల్ఈడీ వాల్, డిమ్మర్ మీద నడిచే చౌక లైట్లు వేరే వేగంతో ఆడతాయి. అక్కడ గీతలు పడితే షట్టర్ 1/100కి గానీ 1/50కి గానీ దించి చూడండి.

ఇప్పుడు మన్నిక. 'వెదర్ సీల్డ్' అన్న మాట మా అద్దె పట్టిక నుంచి తీసేశాం. 5డీ మార్క్ 4, డీ850 వంటి బాడీల్లో మెగ్నీషియం అలాయ్ చట్రం, కీలకమైన అతుకుల దగ్గర సీలింగ్ ఉన్న మాట నిజమే. కానీ మా దగ్గరున్న ఏ బాడీకీ ఐపీ రేటింగ్ (నీళ్లను, దుమ్మును ఎంత ఆపుతుందో చెప్పే ప్రమాణం) లేదు. చినుకులకు, దుమ్ముకు ఓర్చుకుంటుంది, అంతే. పైగా సీల్ అనేది బాడీ, లెన్స్ కలిస్తేనే. కెనాన్ 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎంకు మౌంట్ దగ్గర రబ్బరు రింగు లేదు, నీళ్లు నేరుగా కెమెరా లోపల అద్దం (మిర్రర్) ఉండే గదిలోకి దిగుతాయి. కెనాన్ 17-40 ఎల్ అయితే ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీలింగ్ పూర్తవుతుంది. మానిటర్ కోసం హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి మూత తెరిచారంటే అంత ఖరీదైన సీలింగూ అక్కడితో సరి.

వానకన్నా మాకు భయం పసుపు, గులాల్, భండారు. జూమ్ తిప్పినప్పుడు బయటకు సాగే లెన్స్ గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతోపాటే పొడినీ. బోనాలకు, నిమజ్జనానికి తీసుకెళ్లేవాళ్లకు ఇక రెయిన్ కవర్ తప్పనిసరి. దానికి అద్దె లేదు. అక్కడ లెన్స్ మార్చకండి. రెండు లెన్సులు కావాలంటే రెండో బాడీ తీసుకెళ్లండి, మూడో వంతు తగ్గించి ఇస్తాం.

తడిస్తే ఆన్ చేసి చూడకండి. బ్యాటరీ తీయండి, కార్డు తీయండి, లెన్స్ విప్పి మెత్తటి బట్టతో తుడిచి, ఫ్యాను గాలికి పెట్టి అదే రోజు తీసుకురండి. తడి మీద కరెంటు పారితే బోర్డు త్వరగా తుప్పు పడుతుంది. బియ్యంలో పెట్టొద్దు, పిండి పోర్టుల్లోకి దూరుతుంది. హెయిర్ డ్రయ్యర్ అసలొద్దు.

బరాత్‌లో డీజే లేజర్లు ఉంటే వీడియో తీయకండి. ఫొటోలకు అద్దం కిందికి దిగి ఉన్నంతసేపు సెన్సర్ (చిత్రాన్ని పట్టే చిప్) దాని వెనక దాక్కుని ఉంటుంది. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు), వీడియోలో పూర్తిగా బయటే. ఒక్క కిరణం నేరుగా పడితే శాశ్వతంగా చుక్కో గీతో మిగిలిపోవచ్చు. దాన్ని ఏ కరెక్షనూ తీయదు, సెన్సర్ మార్చాల్సిందే. ఈ నష్టం డిపాజిట్ నుంచి పట్టుకుంటామని బిల్లు మీద ఇప్పుడు విడిగా రాశాం.

సెకండ్ హ్యాండ్ బాడీల బిల్లుపై ఇకనుంచి షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు పడ్డాయో ఆ లెక్క) రాస్తాం. నికాన్‌లో అది ఫొటో ఫైల్లోనే ఉంటుంది. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటికి యూఎస్‌బీతో చదవాలి, మీ ముందే చదివి చూపిస్తాం. షట్టర్ ఎన్ని క్లిక్కులు తట్టుకుంటుందో కంపెనీ పరీక్ష లెక్క 6డీ, 80డీలకు 1,00,000, 5డీ మార్క్ 3, 5డీ మార్క్ 4, డీ750లకు 1,50,000, 7డీ మార్క్ 2, డీ850లకు 2,00,000. అది గడువు తేదీ కాదు. దానికి ముందే పోయేవి ఉన్నాయి, దాటి నడిచేవీ ఉన్నాయి. అందుకే తెల్ల గోడ మీద ఫ్లాష్ లేకుండా, ట్యూబ్‌లైటు కాకుండా పగటి వెలుగులో, 1/200, 1/1000, 1/4000లలో ఎక్స్‌పోజర్ సమానంగా ఉంచి తీసి చూడండి. వేగం పెరిగేకొద్దీ ఫ్రేమ్‌లో ఒక అంచు చీకటైతే షట్టర్ కర్టెన్ (తెర) నెమ్మదించినట్టే. కౌంట్ మరీ తక్కువగా ఉంటే సంబరపడకండి, హెచ్‌డీఎంఐ పోర్టు కదిపి చూడండి. గంటసేపు వీడియో తీసినా కౌంట్ పెద్దగా కదలదు, పోర్టు, బ్యాటరీ మూత మాత్రం అరుగుతాయి.

సెన్సర్ క్లీనింగ్ ఇకపై చిన్న సెన్సర్ ఉండే క్రాప్ బాడీకి రూ. 900, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌కు రూ. 1,200, జీఎస్టీ అదనం. ఒకసారి తుడిచిన స్వాబ్ (తుడిచే పుల్ల) మళ్లీ వాడం, ఒక్కో సెన్సర్‌కు కనీసం రెండు పడతాయి, ధర పెరగడానికి కారణం అదే. అసలు అవసరమో కాదో ముందు మీరే చూసుకోండి: ఎఫ్/22 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది) పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్ల కాగితాన్ని ఫొటో తీయండి. మచ్చ ఫొటోలో పైన కుడివైపు ఉంటే, కెమెరాను ఎదురుగా పెట్టి చూసినప్పుడు దుమ్ము సెన్సర్‌పై కింద కుడివైపు ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉంచి, మెనూలోంచి అద్దం లేపి, కెమెరాను బోర్లా పట్టుకుని చేతి బ్లోయర్‌తో ఊదితే చాలావరకు రాలిపోతుంది. స్ప్రే డబ్బా గాలి మాత్రం వద్దు, అందులోని ద్రవం సెన్సర్ మీద పడి మరక కడుతుంది. ఊదినా పోని జిడ్డు మచ్చలుంటే శ్రావణం మొదలయ్యే లోపే తీసుకురండి, పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాం. ముహూర్తాలు మొదలయ్యాక మూడు రోజులు పడుతుంది.