ఏటి అవతలికి ఆవకాయ ఎందుకు పంపడం లేదంటే

ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ, ఏటి అవతల ఆంధ్రలోని పాతపట్నంలోనూ మా పచ్చళ్ళు తినే అందరికీ నమస్కారం.

ఆవకాయ బుకింగులు మొదలయ్యే ముందు ఒక సంగతి తేల్చి చెప్పాలి. ఈ వేసవికి కూడా మా పర్లాకిమిడి కొట్టు నుంచి పాతపట్నం, టెక్కలి, కాశీబుగ్గ వైపు ఇళ్ళకు పచ్చడి పంపలేం. వాట్సాప్‌లో అడిగే ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతుంటే సగం మాట చెప్పి సగం మింగినట్టవుతోంది. అందుకని కారణమంతా ఒకేచోట రాస్తున్నాను. ఈ విషయాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్ళడానికి మా వార్డు కౌన్సిలరు గారు పూనుకున్నారు. ఆ సంగతి కూడా చెబుతాను.

మా వ్యాపారం ఎంతో మీకు తెలుసు. ఇంటి వెనక వంటశాల, ముందు కొట్టు, మాతో కలిసి పనిచేసే నలుగురు ఆడవాళ్ళు. ఏడాది అమ్మకం 40 లక్షలకు చాలా దూరంలో ఉంటుంది. సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్ముకునేవాళ్ళు ఆ 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఇదే లెక్క. అందుకే మేము రిజిస్ట్రేషన్ లేకుండా, చట్టప్రకారమే నడుపుకుంటున్నాం. వంద కిలోమీటర్లు దాటి ఉన్న బరంపురానికి ఎన్ని సీసాలు పంపినా ఇబ్బంది లేదు. కోరాపుట్‌కు పంపినా, భువనేశ్వర్‌కు పంపినా అంతే.

పాతపట్నానికి మాత్రం ఒక్క సీసా పంపినా లెక్క మారిపోతుంది. జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి సరఫరా చేసేవాళ్ళు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. వాళ్ళకు 40 లక్షల మినహాయింపు లేదు. మొదటి రూపాయి నుంచే నిబంధన తగులుతుంది. మహేంద్రతనయ ఏరు దాటి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరమైనా అది ఆంధ్రప్రదేశే కదా.

"రెండు సీసాలకు ఏటవుతాదమ్మా, ఎవులు చూసొచ్చారు?" అని చాలామంది అన్నారు. మా మీద అభిమానంతోనే అన్నారు, తెలుసు. బస్సులో ఇచ్చేయమన్నవాళ్ళున్నారు, పర్లాకిమిడిలో ఉన్న వియ్యపురాలి పేరున బిల్లు రాయమన్నవాళ్ళున్నారు. అలా చేయం. తినే వస్తువు అమ్ముకునేవాళ్ళం. సీసాలో ఏముందో నిజం చెబుతున్నామని మీరు నమ్మితేనే మా కొట్టు నడుస్తుంది. బిల్లు మీద అబద్ధం రాసి, సీసా గురించి నిజం చెబుతున్నామంటే ఎవరు నమ్మాలి?

మరి రిజిస్ట్రేషన్ తీసేసుకుంటే పోదా అని అడిగినవాళ్ళకు కాస్త వివరంగా చెప్పాలి. ఒకసారి రిజిస్టరైతే పాతపట్నం సీసా ఒక్కదానికే కాదు, పర్లాకిమిడిలో అమ్మే ప్రతి సీసాకూ పన్ను కట్టాలి. పచ్చళ్ళ మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ ఇప్పుడు మా దగ్గర కొనేవాళ్ళ మీద ఆ 5 కూడా లేదు. దాన్ని ఇక్కడి మీ మీద వేయడం నాకు న్యాయంగా తోచలేదు. పైగా రిటర్నులు: అమ్మకాల వివరాలకు ఒకటి, పన్ను లెక్కకు ఇంకొకటి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము. ఆడిటరుకు ఏటా ఇచ్చే ఫీజు వేరే. పాతపట్నం నుంచి వచ్చే ఆర్డర్ల మీద మిగిలేది ఆ ఫీజుకే చాలదు.

చిన్నవాళ్ళ కోసం కాంపోజిషన్ పథకం అని ఒకటుంది. తయారీదారులు అమ్మకంలో 1 శాతం కట్టేస్తే చాలు, లెక్కలు సులువు. కోటిన్నర దాకా అమ్మకం ఉన్నవాళ్ళు చేరొచ్చు. అందులో చేరదామని మా అబ్బాయి ఆశగా అడిగాడు. తీరా చూస్తే కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదట. ఆన్‌లైన్ సైట్లలో పెడదామన్నా ఇదే గీత. రిజిస్ట్రేషన్ లేని చిన్నవాళ్ళు వాటిలో అమ్ముకోవచ్చని 2023 అక్టోబరు నుంచి అనుమతి ఇచ్చారు గానీ, అదీ సొంత రాష్ట్రంలోపలే.

మరో ప్రశ్న. పన్ను తగ్గింది కదా, మీ ధర ఎందుకు తగ్గలేదని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. మేము మీ దగ్గర పన్ను వసూలు చేయడం లేదు, కాబట్టి మా ధరలో తగ్గడానికి ఆ ముక్క ముందు నుంచీ లేదు. ఖాళీ సీసాలు కొన్నప్పుడు మేము కట్టే 18 శాతం అలాగే ఉంది, రిజిస్ట్రేషన్ లేదు కనుక అది మాకు వెనక్కి రాదు. నువ్వుల నూనె, మిరపకాయల బేరం తెగాక ఈ ఏటి ధర చెబుతాను. పెరిగితే ఎంత పెరిగిందో, దేనివల్ల పెరిగిందో కొట్టు ముందు రాసి పెడతాం.

ఇక కౌన్సిలరు గారి సంగతి. ట్రేడ్ లైసెన్సుల రెన్యువల్ సమయంలో చిన్న కొట్లవాళ్ళందరం మునిసిపాలిటీ దగ్గర కలిశాం. ఆవిడ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇబ్బందులడిగారు. అందరూ కాలువలు, వీధి దీపాలు, పార్కింగు అన్నారు. నేను పాతపట్నం సీసా గురించి చెప్పాను. "ఇది మా చేతిలోది కాదమ్మా" అని వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. మర్నాడు కొట్టుకొచ్చి చట్టం కాగితాలు చూపించమన్నారు, ఆడిటరుతో ఫోన్లో మాట్లాడారు. తర్వాత ఏటి గట్టు వీధుల్లో తిరిగి ఇలాంటివాళ్ళు ఇంకెవరున్నారో రాసుకున్నారు. స్వీట్లు చేసేవాళ్ళు, అగరుబత్తీలు చుట్టేవాళ్ళు, పిల్లల గౌన్లు కుట్టి అమ్మేవాళ్ళు చాలామంది దొరికారు. అందరి కథా ఒకటే. సగం చుట్టాలు అవతలే ఉన్నారు, సగం బేరం మాత్రం చేయకూడదు.

కౌన్సిలరుకు ఢిల్లీతో ఏం పని, ముందు మా వీధి కాలువ చూసుకోమనండి అని ఒకాయన నాతో అన్నారు. ఆయన కాలువ బాధ నిజమే, ఆ వీధిలోనే మేమూ నడుస్తాం. అయినా నేను ఆ మాటతో ఏకీభవించను. ఎంపీకి ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, ఎమ్మెల్యేకు బోలెడు పంచాయతీలు. మా వీధిలో ఏ ఇంట్లో ఎవరు ఏం వండి అమ్ముకుంటున్నారో తెలిసిన ప్రజాప్రతినిధి కౌన్సిలరు ఒక్కరే. ఆవిడ పైకి చెప్పకపోతే ఈ ముక్క పైకి వెళ్ళే దారే లేదు.

దారి ఎలా ఉంటుందో ఆవిడ వల్లే నాకూ తెలిసింది. జీఎస్టీలో ఏది మార్చాలన్నా రాజ్యాంగం 279ఏ అధికరణం కింద ఏర్పడిన జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేయాలి. దానికి కేంద్ర ఆర్థిక మంత్రి అధ్యక్షత వహిస్తారు. ఓట్లలో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. నాలుగింట మూడు వంతులు వస్తేనే నిర్ణయం. అంటే కేంద్రం ఒక్కదాని వల్లా కాదు, కేంద్రాన్ని కాదని రాష్ట్రాల వల్లా కాదు. అందుకని ఆవిడ ఉత్తరం కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి రాసి, ప్రతులు ఒడిశా ఆర్థిక శాఖకూ మన బరంపురం ఎంపీకీ పంపారు. కేంద్ర ప్రభుత్వం నడిపే సీపీగ్రామ్స్ పోర్టల్‌లో వేద్దామని మా అబ్బాయి అన్నాడు. అది ఫిర్యాదుల కోసం, మనం అడిగేది నిబంధన మార్చమని, రెండూ వేరని ఆవిడే వారించారు.

ఆ ఉత్తరం చిన్నదిగా ఉండడానికి ఒక కారణముంది. లోక్‌సభలో 377వ నిబంధన కింద ఎంపీలు తమ ప్రాంత సమస్యను సభ ముందు పెట్టొచ్చు, కానీ 250 పదాలు దాటకూడదు. ఎంపీ కావాలనుకుంటే ఏమీ మార్చకుండా చదివేటట్టు ఉండాలని, మేము చెప్పిన నాలుగు పేజీల గోడును ఆవిడ 250 పదాల్లోపు కుదించారు. నాకు బాధనిపించింది, నా మాటలు చాలా పోయాయి. కానీ ఆవిడ చేసిందే సరైన పని.

అడిగిందేమిటో కూడా చెప్పాలి. సేవలు అందించేవాళ్ళకు 2017 అక్టోబరు నుంచే సడలింపు ఉంది. మన వీధి ఫొటోగ్రాఫర్ కుర్రాడు పాతపట్నం పెళ్ళికి వెళ్ళి డబ్బు తీసుకున్నా, మొత్తం సంపాదన 20 లక్షల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హస్తకళల వస్తువులకూ కొన్ని షరతులతో ఇలాంటి మినహాయింపే ఇచ్చారు. అదే మినహాయింపు, అదే 20 లక్షల హద్దుతో, సొంతంగా తయారుచేసి అమ్ముకునే చిన్న ఆహార వ్యాపారులకూ ఇవ్వండి అన్నదే ఉత్తరం సారం. కొత్తగా ఏదీ కనిపెట్టమనడం లేదు. కాంపోజిషన్ సంగతీ కలపమని నేను పట్టుబట్టాను. ఒక ఉత్తరంలో ఒకటే అడగాలి, రెండడిగితే రెండూ పోతాయి అన్నారావిడ.

ఈ నిబంధన ఊరికే పెట్టింది కాదని మా ఆడిటరు గారు గట్టిగా చెప్పారు. పన్ను సరుకు ఏ రాష్ట్రంలో చేరుతుందో ఆ రాష్ట్రానికి రావాలి. గేట్లు ఎత్తేస్తే పెద్దవాళ్ళు వ్యాపారాన్ని ముక్కలుగా చీల్చి చిన్నవాళ్ళ పేర్లతో సరుకు దాటిస్తారు. ఒప్పుకుంటాను. అందుకే హద్దు ఉండాలనీ, పాన్ నంబరు ఉండాలనీ, వాళ్ళు అడిగిన కాగితం ఇవ్వాలనీ ఉత్తరంలో మేమే రాయించాం. కాగితాల పని తగ్గించమని మేము అడగడం లేదు. ఏటి అవతలికి వెళ్ళినందుకే రెండు సీసాలవాళ్ళను రెండు లారీలవాళ్ళతో ఒకే గాటన కట్టొద్దంటున్నాం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. పెళ్ళిళ్ళు, పేరంటాలు, సంతలు ఆగలేదు. మా అత్తగారి ఊరు అటే, మా ఆడపడుచు ఇటే. సిరొంచలో కొట్టు పెట్టుకున్నవాళ్ళకు కాళేశ్వరం, ధర్మాబాదువాళ్ళకు బాసర, రాయగడవాళ్ళకు పార్వతీపురం ఇలాంటివే. వాళ్ళ కౌన్సిలర్లు కూడా ఒక్కో ఉత్తరం రాస్తే ఇది పర్లాకిమిడి గొడవగా మిగిలిపోదు. అక్కడ మీకు తెలిసినవాళ్ళుంటే ఈ సంగతి చెప్పండి.

ఉత్తరం వెళ్ళింది. జవాబు ఎప్పుడొస్తుందో, ఏమని వస్తుందో హామీ ఇవ్వలేను. జీఎస్టీ కౌన్సిల్ ఒకవేళ ఒప్పుకున్నా నోటిఫికేషన్ రావాలి. ఈ ఆవకాయ కాలానికి మాత్రం అందదు. దానిమీద ఆశ పెట్టుకుని మా దగ్గర బయానా కట్టొద్దు.

అప్పటిదాకా ఏం చేయగలమో చెబుతాను. పాతపట్నం నుంచి కొట్టుకొచ్చి కొనుక్కుని మీరే పట్టుకెళితే ఏ ఇబ్బందీ లేదు, అది ఇక్కడి అమ్మకమే. మీకోసం ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా కొట్టు తీసి ఉంచుతాం. ఫోన్ చేసి చెబితే సీసాలు కట్టి సిద్ధంగా పెడతాం, వరసలో నిలబడనక్కర్లేదు. అప్పడాల మీద పన్నే లేదు కనుక ఈ నిబంధన వాటికి తగలదు. మినప్పప్పు అప్పడాలు, పెసర అప్పడాలు పాతపట్నం, టెక్కలి ఇళ్ళకు ఎప్పటిలాగే పంపుతాం. రాలేని పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వాళ్ళ పిల్లలో చుట్టాలో ఇటు వచ్చినప్పుడు కొని తీసుకెళ్ళేలా చూసుకోండి. ఎంత రద్దీగా ఉన్నా వాళ్ళ సీసా పక్కన పెట్టి ఉంచుతాను.

పాతపట్నం వైపు వాళ్ళకు ఒక మనవి. మీరు మా కౌన్సిలరు గారి ఓటర్లు కారు, మీ తరఫున ఆవిడ రాయలేరు. కానీ మీ ఊరు శ్రీకాకుళం లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. మీ ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర మంత్రి కూడా. కొనేవాళ్ళుగా మీ ఇబ్బంది ఆయనకు మీరే రాయొచ్చు. కౌన్సిలరు గారి ఉత్తరం నకలు, దాని తెలుగు పాఠం కొట్టులో గల్లాపెట్టె పక్కన పెట్టాను. చదువుకోండి, కావాలంటే ఫొటో తీసుకోండి. దాన్నే చూసి ఎత్తి రాయొద్దు. మీ ఇంటి సంగతి మీ మాటల్లో రాయండి, ఒక్క పేజీ చాలు.

ఆవకాయ బుకింగులు ఉగాది మర్నాటి నుంచి తీసుకుంటాం. కాయ వచ్చాకే ధర చెబుతాం. ఆ ధర నచ్చకపోతే బుకింగు మానుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు.